పాప చొక్కా తిరగేసి చూసే మనిషి

పోయిన నెల అరసవల్లిలో మా ఆడపడుచు మనవరాలికి అన్నప్రాసన చేశారు. పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ముద్దు పెట్టుకోకముందే నేను ఆ పిల్ల కాలి సాక్సు తీసి, లోపలి వైపు పైకి తిప్పి, చిటికెన వేలు దూర్చి చుట్టూ తడిమాను. తరవాత గౌనుకి కుట్టిన ముత్యాల్ని ఒక్కొక్కటే గోటితో పట్టి లాగాను. మూడో ముత్యం ఊడి నా చేతిలోకి వచ్చింది.

"ఏటి వదినా, కొత్త గౌను పాడు సేసెస్తన్నావు? ఏటి ఎతుకుతన్నావందులో?" అంది మా ఆడపడుచు.

చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, ఆ ముత్యాన్ని కొంగున ముడి వేసుకున్నాను. ఆ అలవాటు నాది కాదు. నాకు దాన్ని అంటించిన మనిషి పోయి ఏడాది కావస్తోంది. ఆ సందట్లో ఆయన గురించి ఎవరికి చెప్పను? చెప్పినా, ఎక్కడ నుంచి మొదలుపెట్టను? ఇంటికొచ్చాక కూడా ఆ చేతులే కళ్ళ ముందు కదులుతూంటే, రాస్తేనన్నా పోతుందని కూర్చున్నాను.

కోటబొమ్మాళిలో మాకు పిల్లల రెడీమేడ్ బట్టల కొట్టు ఉంది. మా ఆయన మూటలు కట్టుకుని చుట్టుపక్కల సంతలకి తిరుగుతారు. కొట్టు చూసుకునేది నేను. నాకు ఆ అలవాటు అంటించినాయన మా కొట్టుకి మొదటిసారి ఎప్పుడొచ్చాడో నాకు గుర్తులేదు. నాకు గుర్తున్నది, ఇంక రావద్దని ఆయనకి చెప్పిన రోజు.

ఊళ్ళో అందరూ ఆయన్ని కీమేన్ అనేవారు. రైల్వేలో కీమేన్ అంటే, రోజూ తనకిచ్చిన మేర పట్టాల వెంట నడిచి, పట్టాల్ని పట్టి ఉంచే ఇనప కీలు ఎక్కడైనా వదులైతే సుత్తితో బిగించే మనిషి. ఆ ఉద్యోగం ఎక్కడెక్కడో చేసి, రిటైరయ్యాక మా ఊరొచ్చి స్టేషను రోడ్డులో ఒక గది అద్దెకి తీసుకున్నాడు. పొడుగ్గా ఉండేవాడు. నడిచేటప్పుడు చూపు ఎప్పుడూ మూడడుగుల అవతల నేల మీదే. అడుగులన్నీ కొలిచినట్టు ఒక్క దూరంలో పడేవి. ఉతికి ఉతికి పలచబడ్డ ఖాకీ చొక్కా, పైజేబులో కళ్ళజోడు.

మాకు కొత్త సరుకు దిగిన మర్నాడు పొద్దున్నే వచ్చేవాడు. ఎదురుగా ఉన్న బోరింగు దగ్గర చేతులు కడుక్కుని, మా గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూపించేవాడు, బళ్ళో పిల్లలు టీచరుకి గోళ్ళు చూపించినట్టు. నేను ఏమీ అనకపోతే లోపలికొచ్చి పసిపిల్లల బట్టలుండే అర దగ్గర నిలబడేవాడు.

ఏదీ కొనేవాడు కాదు. ఒక్కో చొక్కా తీసి తిరగేసేవాడు. బొత్తాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెలిపెట్టి లాగేవాడు. టిచ్ బటన్లు పెట్టి, తీసి, వాటి అంచు తన బుగ్గకి రాసుకుని చూసేవాడు. లాగు ఎలాస్టిక్‌ని రెండు వేళ్ళకి తొడుక్కుని కాసేపుంచి, వేళ్ళ మీద గీత పడిందేమోనని గుమ్మం దగ్గర వెలుతుర్లో చూసుకునేవాడు. మెడ దగ్గర రిబ్బన్లున్న గౌనైతే ఆ రిబ్బనును తన మణికట్టుకి చుట్టి లాగేవాడు. తెగకపోతే ముఖం మాడ్చుకుని ఆ గౌను పక్కన పెట్టేవాడు.

"ఎవరికండీ? మనవడికా, మనవరాలికా?" అని అడిగితే, "ఎవులికీ కాదమ్మా, ఊరికినే" అనేవాడు.

ఒకరోజు బేరానికొచ్చిన ఒకావిడ నా చెవిలో, "ఏటే, ఆ ముసలాయన పసిగుంటల గుడ్డలు అలగ నలుపుతన్నాడేటి? తలకాయ సరిగ్గున్నాదా ఆయనికి?" అని, ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. మర్నాడు ఆయన రాగానే నేను లోపలికి రానివ్వలేదు.

"సూడండి తాతగారూ, మీరు కొనరు. కొనేవోలు మిమ్మల్ని సూసి రావటం నేదు. ఇంక మా కొట్టుకి రాకండి."

ఆయన గుమ్మంలోంచే చెయ్యి చాపి పక్కనున్న పెట్టెలోంచి ఒక సాక్సుల జత తీసి, వేలు దూర్చి, నాకు చూపించాడు. "ఈ రకం అమ్మకమ్మా. లోపల దారాలు ఒగ్గేసినారు" అన్నాడు. నేను ఆ జత ఆయన చేతిలోంచి తీసుకుని పెట్టెలో పడేశాను. ఆయన రెండు మెట్లూ దిగి వెళ్ళిపోయాడు. అలిగినట్టు కూడా లేడు.

ఆ తరవాత ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. గ్లాసు చేతిలో పెట్టుకుని మా కొట్టు వైపే చూస్తూ ఉండేవాడు. నాకు ఒళ్ళు మండేది.

పది రోజులు కూడా కాలేదు. మిల్లు వీధిలో ఉండే ఒక పిల్ల, అత్తగారితో కలిసి, రెండు నెలల పాపని ఎత్తుకుని మా కొట్టు ముందు ఆటో కోసం నిలబడింది. పాప ఏడుపు వీధి చివరికి వినబడుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"పొద్దున్నుంచి ఇదే ఏడుపండి. పాలు పట్టదు, నిద్దరోదు. మొన్న సూదిమందేసినారు, అందుకేనేమో. డాక్టరుకాడికి ఎల్తన్నాం" అంది పిల్ల. దానికీ ఏడుపొస్తోంది.

ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టి రోడ్డు దాటి వచ్చాడు. మెట్టు ఎక్కలేదు. కిందనే నిలబడ్డాడు.

"అమ్మా, ఆ సాక్సులు ఇప్పి సూడండి."

"సలికాలం. సాక్సులెందుకు ఇప్పడం?" అంది అత్తగారు, ఆయన్ని ఎగాదిగా చూసి.

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు సెప్పమ్మా ఆలకి. పాప సెప్పనేదు కదా. మనవే సూడాల."

నాకెందుకో కాదనబుద్ధి పుట్టలేదు. నేనే పాప ఎడమకాలి సాక్సు తీశాను. ఏమీ లేదు. కుడికాలిది తీశాను. రెండో వేలు ఉబ్బిపోయి నేరేడు పండు రంగులోకి తిరిగింది. వేలి మొదట్లో తల వెంట్రుక కంటే కొంచెం లావు దారం రెండు మూడు చుట్లు చుట్టుకుని చర్మంలోకి దిగిపోయింది. దాని రెండో కొస సాక్సు లోపలి కుట్టులోనే ఉంది. ఆ సాక్సు మా కొట్లోదే. వారం కిందట నా చేత్తో సంచిలో వేసి ఇచ్చాను.

నేను దారం పట్టుకోబోయాను. "లాగకు, లాగకు. లాగితే ఇంకా బిగుస్తాది. కొస కాడ కత్తిరించీసి అలగే ఒగ్గేయ్. బేగి డాక్టరుకాడికి తీసుకెల్లాల" అని, తనే రోడ్డు మధ్యకి వెళ్ళి చేతులు చాపి ఆటో ఆపాడు. నేను సాక్సు దగ్గర కత్తిరించాను. ఆటోలో నేనూ ఎక్కాను. డాక్టరు భూతద్దం పెట్టుకుని, సన్న కత్తెరతో ఆ చుట్లు ఒక్కొక్కటే తెంచాడు. ఇంకో పూట ఆగుంటే వేలు దక్కేది కాదన్నాడు.

తిరిగొచ్చి ఆ రకం సాక్సులన్నీ బయటకి తీసి తిరగేశాను. ఎన్నింటిలోనో లోపల అలాంటి దారాలు వేలాడుతున్నాయి. బయట మాత్రం కుందేలు బొమ్మ, గులాబీ రంగు అంచు.

మర్నాడు ఆయన గది వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక మంచం, ఒక ఇనపపెట్టె, కిరోసిన్ వాసన వేసే స్టవ్వు. ఒక్కడికి సరిపడా అన్నం ఉడుకుతోంది. నన్ను చూసి కంగారుపడి, మంచం మీది దుప్పటి సరిచేసి కూర్చోమన్నాడు. తను గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు.

"తప్పయిపోనాది. మీరు సెప్పినా ఇన్నేదు" అన్నాను.

"నీ తప్పు కాదమ్మా. అందరూ బయట సూసే కొంటారు. పాపేమో లోపలుంటాది."

మీకిదంతా ఎలా తెలుసని అడిగాను. ఆయన అన్నం కుండ వైపు తిరిగాడు. తరవాత తొందర లేకుండా చెప్పాడు.

"మా అమ్మాయికి తల్లి సిన్నప్పుడే పోనాది. నానే పెంచినాను. పురిటికి నాకాడికే వచ్చినాది, మా రైల్వే కోటర్సుకి. ఆడపిల్ల. పాపకి ఎనిమిదో నెల్లో విజీనారం ఎల్లినపుడు ఒక గౌను కొన్నాను. తెల్లది. మెడకాడ ఎర్ర రిబ్బను, పువ్వులాగ ముడేసుకోడానికి. ఆ మజ్జానం భోజనానికొచ్చినాను. నానే తొడిగినాను. నానే ముడేసినాను. నానే ఉయ్యాల్లో ఏసినాను. మా అమ్మాయి నిద్దరపోతంది. నాను అరుగు మీద కూకుని అన్నం తింటన్నాను. ఇనప ఉయ్యాలమ్మా. దాని కొసాన కొక్కెం ఉన్నాది. పాప అప్పుడే లెగిసి కూకోడం నేర్సినాది. సెయ్యి కడుక్కుని లోపలికెల్లీసరికి..."

అక్కడ ఆగిపోయాడు. అన్నం పొంగి స్టవ్వు మీద పడింది. ఆయన లేవలేదు. నేనే లేచి మూత తీశాను.

"రోజూ అంత దూరం పట్టా సూసీవోడిని. ఒక్క కీ వదులైతే నడుస్తానే పట్టీసీవోడిని. ఇంట్లో కొక్కెం కనపళ్ళేదు" అన్నాడు. "అల్లుడోలొచ్చి ఎవులు ముడేసినారని అడిగినారు. నానేనని సెప్పినాను. ఇంక మా గుమ్మం తొక్కకన్నారు. అమ్మాయిని తీసుకెల్లిపోనారు. బొబ్బిల్లో ఉంటాది. తరవాత బాబు పుట్టినాడట. సూళ్ళేదు."

నేను వచ్చేటప్పుడు, "రేపు కొత్త సరుకొస్తాది మావా. పొద్దున్నే రా" అన్నాను. మావా అన్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆయన తలెత్తి నన్ను చూశాడు. "వస్తాను కోడలా" అన్నాడు.

ఆ తరవాత ఆరేడేళ్ళు ఆయన మా కొట్లో మనిషే. మూట విప్పేది నేను, తిరగేసేది ఆయన. గుమ్మంలో చేతులు చూపించడం మాత్రం మానలేదు. ఎన్నిసార్లు వద్దన్నా వినలేదు. పిల్లల బట్టల్లో ఎన్నెన్ని దాక్కుంటాయో ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను. అట్టపెట్టెలో చొక్కా మడత నిలవడానికి గుచ్చిన గుండుసూది, చీటీ తెంపాక మిగిలిపోయే ప్లాస్టిక్ ముక్క, గమ్ముతో అతికించిన సీతాకోకచిలుక, గడ్డం కింద చర్మాన్ని పట్టేసే జిప్పు. మా ఆయన బట్టల మూటల్లో కలరా ఉండలు వేస్తే, వాటిని ఏరి దూరంగా పారేసి, ఆ బట్టలన్నీ రెండు రోజులు ఎండలో వేయించాడు. ఊడిన బొత్తాల్ని మళ్ళీ కుట్టేది నేను. కుట్టాక ఆయన మళ్ళీ లాగేవాడు.

మెరుపుల గౌన్లు చూస్తే మాత్రం కోపమొచ్చేది. "ఇది పెద్దోలు సూసుకోడానికి కుట్టినాది. గుంట ఏసుకోడానికి కాదు" అనేవాడు.

పిల్లల్ని ఎత్తుకుని తల్లులొస్తే ఆయన వెనక అర చాటుకి వెళ్ళిపోయేవాడు. పాప ఎంత ముద్దుగా ఉన్నా చెయ్యి చాపేవాడు కాదు. ఒకసారి ఒక పిల్ల పాకుతూ వెళ్ళి ఆయన పంచె పట్టుకుని లేచి నిలబడింది. ఆయన రెండు చేతులూ పైకెత్తేసి, కదలకుండా, ఊపిరి బిగబట్టి నిలబడిపోయాడు. నేను వెళ్ళి పాపను తీసుకునేదాకా అలాగే ఉన్నాడు.

ఆయన దగ్గర చిన్న బటన్ల ఫోనొకటి ఉండేది. అది మోగగా నేనెప్పుడూ వినలేదు. వారానికోసారి, కొట్టు సర్దడం అయ్యాక, దాన్ని బల్ల మీద పెట్టి, "ఓసారి నీ ఫోన్లోంచి కొట్టు కోడలా. మోగుతాందో నేదో సూద్దాం" అనేవాడు. నేను కొట్టేదాన్ని. మోగేది. "బాగానే ఉన్నాది" అని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఎవరి ఫోను కోసమో అడగాలనిపించేది. అడగలేదు.

నేను చేసిన తప్పు గురించి చెప్పాలి. ఆయన పోవడానికి ముందు చలికాలంలో ఆయన జ్వరంతో పదిహేను రోజులు మంచం పట్టాడు. అప్పుడే పసిపిల్లల ఉన్ని స్వెట్టర్లొచ్చాయి. తలటోపీ కలిపి అల్లినవి. టోపీ చుట్టూ దూర్చిన తాడు, దాని రెండు కొసలా ఉన్ని బంతులు. లాగి గడ్డం కింద ముడి వేస్తే ముద్దుగా ఉండేవి. ఆ తాళ్ళు తీసెయ్యాలని నాకు తెలుసు. కానీ ఆ బంతుల కోసమే అందరూ కొంటున్నారు. ఆయన లేడు కదా అనుకున్నాను. వచ్చిన పన్నెండింటిలో పదకొండు అమ్మేశాను.

జ్వరం తగ్గి కొట్టుకొచ్చిన రోజు, మిగిలిన ఆ ఒక్క స్వెట్టరూ ఆయన కంటబడింది. తాడు పట్టుకుని, "ఇలాంటివి ఎన్ని అమ్మినావు కోడలా?" అన్నాడు.

"పదకొండు."

"తాడు తియ్యకుండానా?"

 ఆయన నన్ను తిట్టలేదు. బల్ల మీద కూర్చుని కాగితం తీసుకున్నాడు. "ఎవులెవులు కొన్నారో సెప్పు" అన్నాడు. సంతకొచ్చినవాళ్ళు, తెలిసిన ముఖాలు, ఊరి పేర్లు, ఒకరిద్దరి ఇంటి గుర్తులు, నాకు జ్ఞాపకమున్నవన్నీ చెప్పాను. మర్నాడు పొద్దున నా చిన్న కత్తెర అడిగి తీసుకున్నాడు.

"జ్వరం తగ్గి రెండ్రోజులు కాలేదు మావా. ఆల తల్లులు సూసుకుంటార్లే" అన్నాను.

"ఆలకి తెలవదు కదా" అని వెళ్ళిపోయాడు.

రెండు రోజుల్లో ఏడిళ్ళు తిరిగాడు. మూడో రోజు మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. టెక్కలి వైపు ఒక ఊరి నుంచి. ఊరి పేరు ఎందుకు లెండి. ఒక ముసలాడు దొరికాడని, అతని జేబులో మా కొట్టు సంచి ఉందని, దాని మీదున్న నంబరుకి చేస్తున్నామని ఎవరో చెప్పారు. వెనకనుంచి జనం అరుపులు వినిపిస్తున్నాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఆ రోజుల్లో ఫోన్లలో పుకార్లు. ఆయన ఆ ఇంటికి వెళ్ళేసరికి నాయనమ్మా పాపా మాత్రమే ఉన్నారట. పాప స్వెట్టరు ఇమ్మని అడిగి, జేబులోంచి కత్తెర తీశాడట.

నేను వెళ్ళేసరికి ఆయన కరెంటు స్తంభం మొదట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేశారు. పెదవి చిట్లింది. కళ్ళజోడు లేదు. ఖాకీ చొక్కా భుజం దగ్గర చిరిగింది. చుట్టూ కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. నన్ను పోల్చుకోవడానికి ఆయనకి కాసేపు పట్టింది.

"కోడలా, ఈ ఇంట్లో తాడు ఇంకా తియ్యనేదు. నాను సెప్తే ఇనటం నేదు. నువ్వు సెప్పు ఆలకి."

నేను ఆ జనానికి అంతా చెప్పాను. స్వెట్టరు అమ్మింది నేనేనని, తప్పు నాదని, ఆయన నా తప్పు దిద్దడానికే ఊళ్ళు తిరుగుతున్నాడని చెప్పాను. ఒక్కొక్కరే ఫోన్లు దించారు. కట్లు విప్పారు. ఆ ఇంటి నాయనమ్మ స్వెట్టరు తెచ్చి నా చేతికిచ్చింది. నేను తాడు లాగి తీసేశాను. ఆవిడే చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు కూర్చుని, "తెలీక అరిసీసినాను బాబూ" అని ఏడ్చింది. ఆయన నీళ్ళు తాగాడు. "అరిసి మంచి పనే సేసినావమ్మా. పాపకాడికి ఎవులొచ్చినా అలగే అరవాల" అన్నాడు.

మిగిలిన మూడిళ్ళకీ నేనే వెళ్ళాను. ఒక్కో ఇల్లూ అయినప్పుడల్లా వెళ్ళి చెప్పేదాన్ని. మూడోది కూడా అయిందని చెప్పిన రోజు ఆయన గోడవైపు తిరిగి పడుకుని నిద్రపోయాడు.

ఆ తరవాత ఆయన మా కొట్టుకి రావడం తగ్గిపోయింది. కట్టేసిన వీడియో ఊరూరా తిరిగింది. కానీ ఆయన్ని ఎందుకు కట్టారో, ఎందుకు విప్పారో ఎవరూ పంపుకోలేదు. దారిలో ఆయన కనబడితే తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారు. ఆయన అది గమనించి, తనే రోడ్డు అవతలి పక్కకి దాటేవాడు. నేనే కొత్త బట్టలు సంచిలో వేసుకుని ఆయన గదికి తీసుకువెళ్ళేదాన్ని. కొత్త కళ్ళజోడు కొనిచ్చినా చూపు ఆనేది కాదు. వేళ్ళతోనే తడిమి చూసి తిరిగిచ్చేవాడు.

వేసవిలో ఒకరోజు పొద్దున పాలావిడ తలుపు కొడితే తియ్యలేదు. నిద్రలోనే పోయాడు. ఇనపపెట్టె మూత లోపల బొబ్బిలి నంబరు సుద్దముక్కతో రాసి ఉంది. మా ఆయన దానికి ఫోను చేశారు. కూతురూ అల్లుడూ వచ్చారు. అల్లుడు తలకొరివి పెట్టాడు. కూతురు ఎవరితోనూ మాట్లాడలేదు.

పెద్దకార్యం అయిన మర్నాడు నేను కొట్టు తీసి ఊడుస్తూంటే ఆమె వచ్చింది. తండ్రిలాగే పొడుగు. చీపురు పక్కన పెట్టి కూర్చోమన్నాను. కొంగు అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చుంది.

"ఆ వీడియో నాను సూసినానండి. మా ఆడపడుచు ఫోన్లో వచ్చినాది, పిల్లల దొంగ దొరికినాడని. ఆయన మా నాన్నని నాను ఎవులికీ సెప్పనేదు." కొంగు వదిలి నావైపు తిరిగింది. "అందులో ఆయన ఏటో సెప్తన్నాడు. అరుపుల్లో ఇనబళ్ళేదు. మల్లీ మల్లీ ఏసుకుని సూసినాను. పెదాలాడతన్నాయి. మీరెల్లినారంట కదా. ఏటి సెప్తన్నాడండి?"

"ఆ పాప స్వెట్టరు తాడు తియ్యమని సెప్తన్నాడమ్మా."

ఆమె తల వంచుకుంది. బోరింగు దగ్గర ఎవరో బిందె పట్టుకుంటున్నారు. ఆ చప్పుడు ఆగాక అడిగింది. "మా పాప సంగతి మీకు సెప్పినాడా?"

"సెప్పినాడు."

"ఏటని?"

చెప్పాలో వద్దో తెలియలేదు. కానీ ఆమె నా ముఖమే చూస్తోంది. గౌను ఆయనే కొన్నాడని, ఆయనే తొడిగాడని, ఆయనే రిబ్బను ముడి వేశాడని, ఆయనే ఉయ్యాల్లో పడుకోబెట్టాడని, అప్పుడు నువ్వు నిద్రపోతున్నావని చెప్పాను.

"నాను నిద్దరపోనేదండి" అంది ఆమె.

ఆ తరవాత మాటలు ఆగి ఆగి వచ్చాయి. "కొన్నాది ఆయనే. తొడిగినాది నాను. ఆ సాయంత్రం మా ఆయన వస్తాడని. నాన్న భోజనానికొచ్చి సూసి, పడుకోబెట్టినపుడు ఆ రిబ్బను ఇప్పీయమ్మా అన్నాడు. ఇప్పితే అలగ పువ్వులాగ మల్లీ కట్టడం రాదు, ఉండనీ నాన్నా అన్నాను. నానే ఉయ్యాల్లో ఏసి, బట్టలారేయడానికి పెరట్లోకి ఎల్లినాను. మా అత్తోరొచ్చి ఎవులు ముడేసినారని అడిగినారు. నాను నోరు తెరిసీలోగా, నానేనన్నాడు. నాను నోరు మూసుకున్నాను. అలగే ఉండిపోనాను."

నేను ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

"ఒక్క మాట నన్ను తిట్టుంటే ఎల్లీదాన్నండి. తిట్టనేదు. ఎల్లి ఆయన ముందు ఏ ముఖంతో కూకుంటాను? బాబు పుట్టినాక ఓసారి కోటబొమ్మాళి దాకా వచ్చినాను, ఆడ్ని ఎత్తుకుని. స్టేషన్లో దిగి, మల్లీ అదే పూట ఎనక్కి ఎల్లిపోనాను." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "మీకాడ కూడా అలగే సెప్పినాడా? మీరు నన్నెరగరు కదా. మీకైనా నిజం సెప్పుకోవచ్చు కదండి."

 ఆరేడేళ్ళు పక్కన కూర్చున్నాను. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట మార్చలేదు.

స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. అదే ఆమె వెళ్ళాల్సిన రైలు. ఆమె లేవలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"మల్లీ సెప్పండి. ఆయన ఎలగ సెప్పినాడో అలగే సెప్పండి."

నేను మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఆయన మాటల్లోనే, ఆయన ఆగిన చోటల్లా ఆగుతూ, ఆ అబద్ధంతో సహా.